అచ్చులో పుట్టిన పత్రిక తెరమీద బతకాలంటే

దినపత్రికను అంతర్జాలానికి అనువుగా మార్చుకోవాలనుకునేవారు సాధారణంగా వెబ్‌సైటు రూపురేఖలతో పని మొదలుపెడతారు. అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. పాత పద్దు పుస్తకాలు తీసి, ఇన్నేళ్లూ పత్రికను పోషించిన డబ్బు ఏ పేజీ నుంచి వచ్చిందో చూడాలి. చాలా పత్రికల విషయంలో పాఠకుడు చెల్లించిన వెల అసలు ఖర్చులో కొంత భాగాన్ని మాత్రమే భరించిందనీ, మిగిలిన భారమంతా ప్రకటనలే మోశాయనీ తేలుతుంది. ఆ ప్రకటనల్లోనూ ఇల్లు అద్దెకు, ఉద్యోగం ఖాళీ, పాత కారు అమ్మకానికి అంటూ లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో ఒదిగి ఉండే క్లాసిఫైడ్స్ వాటా చిన్నదేమీ కాదు.

ఆ ప్రకటనలకు వార్తలతో ఏ సంబంధమూ లేదు. అవి పత్రికలో చేరడానికి ఉన్న కారణమల్లా ఊళ్లో అందరి చేతికీ రోజూ చేరే కాగితం అదొక్కటే కావడం. 1995లో క్రెయిగ్ న్యూమార్క్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మిత్రులకు పంపే ఈమెయిల్ జాబితాగా మొదలైన క్రెయిగ్స్‌లిస్ట్ తర్వాత సైటుగా మారి, చాలావరకు ఉచితంగానే ఆ పని చేసిపెట్టడంతో ఆ కారణం మాయమైంది. అమెరికా పత్రికల ప్రకటనల ఆదాయం 2005లో సుమారు 4,900 కోట్ల డాలర్లు ఉండగా, 2020 నాటికి అది 1,000 కోట్ల డాలర్ల లోపుకు పడిపోయింది. ఈ పతనానికి క్రెయిగ్స్‌లిస్ట్ ఒక్కటే కారణం కాదు. గూగుల్, ఫేస్‌బుక్ ప్రకటనదారుకు తనకు కావలసిన పాఠకుణ్ణే ఏరి చూపించగలిగాయి, పత్రిక ఆ పని చేయలేకపోయింది. జనం వార్తలు చదవడం మానేయడం వల్ల పత్రికలు చితికిపోలేదనీ, వార్తల ఖర్చును ఇంతకాలం మోసిన వేరే వ్యాపారం చేజారడం వల్ల చితికిపోయాయనీ గ్రహించనంతవరకు, పత్రిక చేసే మార్పులన్నీ తప్పు చోటనే జరుగుతాయి.

నార్వేలో కొన్ని పత్రికలు ఈ సంగతిని ముందే పసిగట్టాయి. తమ క్లాసిఫైడ్స్‌ను ఇంకెవరో వచ్చి లాక్కునే లోపే 2000లో తామే కలిసి ఫిన్ అనే సైటు ప్రారంభించాయి. అచ్చు పేజీల ఆదాయాన్ని తమ చేతులతోనే దెబ్బతీసుకున్నట్టు అప్పట్లో కనిపించినా, ఫిన్ ఆ దేశంలో అతి ఎక్కువగా వాడే సైట్లలో ఒకటిగా ఎదిగింది, అక్కడి మీడియా సంస్థ షిబ్‌స్టెడ్‌కు ప్రధాన ఆదాయ మార్గమైంది. ఇప్పుడు క్లాసిఫైడ్స్‌ను తిరిగి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. అయితే మీ పత్రికలో ఇంకా మిగిలి ఉన్న ఆదాయ మార్గాల్లో తర్వాత పోబోయేది ఏదో, శ్రద్ధాంజలి ప్రకటనలా, టెండర్ల ప్రకటనలా, ప్రభుత్వ నోటీసులా అన్నది కాగితం మీద రాసుకుని, వాటిని తెరమీద మీరే ముందుగా నడపగలరేమో ఆలోచించడానికి ఇంకా వ్యవధి ఉంది.

ఎర్ర పెన్సిలు పని

రెండో పనికి ఒక వారం సంచికలూ, ఒక ఎర్ర పెన్సిలూ చాలు. ప్రతి వార్త పక్కన ఆగి, ఇది పాఠకుడికి ఇదే రోజు మరో చోట దొరుకుతుందా అని ప్రశ్నించుకుని, దొరికేటట్లయితే దాన్ని కొట్టేయాలి. అన్ని పత్రికలకూ ఒకేలా వార్తలు పంపే సంస్థల నుంచి వచ్చే ఏజెన్సీ వార్తలు, ఆట ఫలితాలు, షేర్ల ధరలు, వాతావరణం, సినిమా తారల కబుర్లు మొదటి చూపులోనే పోతాయి. ఒకప్పుడు ఇవన్నీ పత్రికకు బలమే, ఎందుకంటే పాఠకుడికి ఇవన్నీ కలిపి ఒకే మూటగా దొరికేవి. అంతర్జాలం ఆ మూట ముడి విప్పేసింది. ఆట ఫలితం బంతి ఆగిన క్షణానే ఫోనులో ఉంటుంది. మర్నాడు పొద్దున దాన్ని చెప్పడానికి పేజీ కేటాయించడమంటే తెలిసిన కబురునే మళ్లీ చెప్పడం.

పెన్సిలు గీత పడకుండా మిగిలేవి ఎక్కువ పత్రికల్లో ఆశించినదానికంటే తక్కువే ఉంటాయి. నగరపాలక సంస్థ సమావేశంలో చివరి అరగంటలో ఎవరూ గమనించకుండా ఆమోదం పొందిన తీర్మానం, కోర్టులో మూడేళ్లుగా నలుగుతున్న భూమి కేసు, ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేయని యంత్రం, బడ్జెట్ పత్రాల్లో కనబడని అంకె, ఒక ఆటగాడి ఫలితం వెనక ఉన్న గాయం కథ లాంటివి ఎవరో ఒకరు స్వయంగా వెళ్లి, కూర్చుని, అడిగి, కాగితాలు తిరగేసి తెచ్చినవి. ఇక్కడ నా అభిప్రాయం కొంత కఠినంగానే ఉంటుంది: ఏజెన్సీ కాపీని తిరగరాయడానికి డెస్కులో నలుగురు సబ్ ఎడిటర్లు ఉండి, నగరపాలక సంస్థకు వెళ్లే విలేకరి ఒక్కరే ఉన్న పత్రిక ఎంత మంచి యాప్ చేయించుకున్నా ప్రయోజనం లేదు. ఆ నలుగురిలో ఇద్దరిని బయటికి పంపి, ఏజెన్సీ వార్తలను యథాతథంగా వేసుకోవడమో, ఇతరుల కథనానికి లింకు ఇవ్వడమో చేయాలి. పోటీ పత్రికకు లింకు ఇవ్వడం మొదట్లో అవమానంగా అనిపిస్తుంది గానీ, పాఠకుడు దాన్ని సౌకర్యంగానే చూస్తాడు.

డెస్కు గడియారం

రాత్రి డెస్కులో పనిచేసినవారికి ఈ ఇబ్బంది చెప్పనక్కర్లేదు. విలేకరి సాయంత్రం దాకా తిరిగి రాత్రి కాపీ ఇస్తాడు, పేజీలు అర్ధరాత్రికి ముందు కడతారు, పని అంతా ప్రెస్సుకు వెళ్లే క్షణం చుట్టూ తిరుగుతుంది. తెరమీద చదివేవారు మాత్రం పొద్దున లేచీ లేవగానే, మధ్యాహ్నం భోజన విరామంలో, రాత్రి పడుకోబోయే ముందు వార్తల కోసం చూస్తారు. రాత్రి తొమ్మిదింటికి డజన్ల కొద్దీ కథనాలు ఒక్కసారిగా సైటులో పడేస్తే, వాటిలో చాలావాటిని ఎవరూ చదవకుండానే తెల్లవారుతుంది.

2014 మేలో బయటికి పొక్కిన న్యూయార్క్ టైమ్స్ అంతర్గత నివేదిక ఈ జబ్బునే ఎత్తిచూపింది: అంత పెద్ద వార్తా సంస్థలోనూ ఆలోచనలన్నీ అచ్చు మొదటి పేజీ చుట్టూనే తిరుగుతున్నాయని, పాఠకుల దగ్గరికి కథనాన్ని చేర్చే పనిని సంపాదకులు తమ పనిగా భావించడం లేదని తేల్చింది. మొదటి పేజీలో చోటు కోసం విభాగాలు పోటీపడే పాత సమావేశ పద్ధతిని ఆ సంస్థ 2015లో మార్చింది. మీ డెస్కులో చేయవలసింది కూడా అలాంటిదే. ఉదయపు సమావేశాన్ని ముందుకు జరిపి, ఏ కథనం ఏ వేళకు తెరమీదికి రావాలో అక్కడే నిర్ణయించాలి. అచ్చు పేజీలను ఆ రోజు తెరమీదికి వచ్చినవాటి నుంచి ఏరి కూర్చే బాధ్యతను ఒక చిన్న బృందానికి అప్పగించాలి. అంటే అచ్చు సంచిక రోజంతా జరిగిన పని నుంచి తయారయ్యే ఒక ఉత్పత్తిగా ఉండాలే తప్ప, రోజంతా దానికోసమే పనిచేయకూడదు. వెబ్ విభాగాన్ని మరో అంతస్తులో వేరుగా కూర్చోబెట్టి, అచ్చు విభాగం వదిలేసిన కాపీని అప్పగించే పద్ధతి ఎక్కడున్నా దాన్ని మొదట తీసేయాలి.

రాతలోనూ కొన్ని మార్పులు అవసరం. అచ్చులో శీర్షిక పక్కన ఫొటో, ఉపశీర్షిక, పేజీ పేరు ఉంటాయి గనుక చమత్కారపు శీర్షిక చెల్లుతుంది. ఫోనులో శీర్షిక ఒంటరిగా కనబడుతుంది, అక్కడ ఎవరు, ఎక్కడ, ఏమిటి అన్నవి లేకపోతే పాఠకుడికి అర్థం కాదు. అలాగని విషయం దాచిపెట్టి ఊరించే శీర్షికలు పెట్టడం అంతకంటే పెద్ద తప్పు, ఎందుకంటే ఒకసారి మోసపోయిన పాఠకుడు చందా కట్టే మనిషి కాడు. తప్పు దొర్లినప్పుడు సవరణను అచ్చులో లోపలి పేజీ మూలన వేసినట్టు దాచకుండా, అదే కథనంలో తేదీతో సహా చెప్పాలి. పాత కథనాల లింకులు చెడిపోకుండా చూడటం కూడా ఇలాంటి చిన్న పనిలాగే కనిపిస్తుంది కానీ, సైటు కొత్తగా కట్టిన ప్రతిసారీ ఇరవై ఏళ్ల పాత కథనాలన్నీ అందకుండా పోయే పత్రికలు ఎన్నో ఉన్నాయి. వేరెవ్వరూ కొనుక్కోలేని సొత్తు పత్రికకు ఏదైనా ఉందంటే అది ఆ పాత సంచికల భండారమే.

పాఠకుడి నుంచే వెల

ప్రకటనలు మోసిన బరువును ఇక ఎవరో ఒకరు మోయాలి కదా. తెరమీద ప్రకటనల ధర అచ్చు ప్రకటనల ధరతో పోలిస్తే చాలా తక్కువ. అందువల్ల పాఠకుడే నేరుగా చెల్లించడం తప్ప నమ్మదగిన దారి కనబడదు. ఎలా చెల్లించమని అడగాలన్న దానికి పత్రికలు వేర్వేరు మార్గాలు పట్టాయి, కొన్ని దెబ్బతిన్నాయి కూడా.

న్యూయార్క్ టైమ్స్ 2005లో వార్తలన్నీ ఉచితంగా ఉంచి, కాలమిస్టుల రచనలకు మాత్రం డబ్బు తీసుకుంది. ఎక్కువమంది చదవాలనుకునే రచనలనే, డబ్బు కడితేగానీ తెరుచుకోని గోడ వెనక దాచడంతో అవి చర్చల్లోంచి తప్పుకున్నాయి, 2007లో ఆ పద్ధతిని ఎత్తేశారు. లండన్ టైమ్స్ 2010 జులైలో మొత్తం సైటునే మూసి, డబ్బు కట్టినవారికే తెరిచింది. న్యూయార్క్ టైమ్స్ 2011 మార్చి 28న మరో దారి పట్టింది: నెలకు 20 కథనాలు ఎవరైనా చదవవచ్చు, ఆపైన చదవాలంటే చందా కట్టాలి. మరుసటి ఏడాది ఆ 20ని 10కి తగ్గించారు. అప్పుడప్పుడూ వచ్చేవారు అడ్డు లేకుండా చదివి వెళ్తారు, రోజూ వచ్చేవారు మాత్రమే వెల చెల్లిస్తారు. 2023 నాటికి ఆ సంస్థ చందాదారులు కోటి దాటారు. బ్రిటన్ పత్రిక గార్డియన్ ఏ గోడా కట్టకుండా, ప్రతి కథనం చివర విరాళం కోరింది. మూడేళ్లలో 10 లక్షల మందికి పైగా ఏదో ఒక రూపంలో డబ్బు ఇచ్చారని 2018లో ప్రకటించింది.

వీటిలో మీకు ఏది సరిపోతుందన్నది పైన చెప్పిన పెన్సిలు పని తేల్చిన ఫలితం మీద ఆధారపడి ఉంటుంది. మరెక్కడా దొరకని వార్తలు ఎక్కువగా ఉన్న చిన్న పత్రిక, పాఠకులు కొద్దిమందే అయినా గట్టి గోడ కట్టి నిలబడగలదు. విస్తృతంగా చదివేవారు ఉండి, వారిలో కొద్దిమంది రోజూ వచ్చేవారైతే, నెలకు కొన్ని కథనాలు ఉచితంగా ఇచ్చి ఆపైన వెల అడిగే మీటరు పద్ధతి మంచిది. విరాళాల పద్ధతికి పత్రిక మీద మమకారం ఉన్న పెద్ద పాఠక సమూహం అవసరం. కొత్తగా మొదలుపెట్టేవారు దాని మీద ఆశ పెట్టుకోవద్దని నా సలహా. ఏ పద్ధతి ఎంచుకున్నా దానికి కొన్ని నెలల ముందు నుంచే ఉచిత నమోదు మొదలుపెట్టి, పాఠకుల ఈమెయిల్ చిరునామాలు సేకరించాలి. పేరు కూడా తెలియని మనిషిని చందా అడిగితే వచ్చే ఫలితం బహు తక్కువ.

చందా తెచ్చుకోవడం కంటే నిలుపుకోవడం కష్టమన్న సంగతి రెండో ఏడాదిలో గానీ తెలియదు. మొదటి నెలలు నామమాత్రపు ధరకు ఇచ్చి, తర్వాత ఒక్కసారిగా పెంచితే, ఆ నెలలోనే చందాలు రాలిపోతాయి. ఎక్కువమంది గమనించని విషయం మరొకటుంది: రద్దయ్యే చందాల్లో కొన్ని పాఠకుడి కోరిక లేకుండానే, బ్యాంకు కార్డు గడువు తీరడం వల్ల రద్దవుతాయి. గడువు తీరకముందే గుర్తుచేసే ఒక మెయిల్ చాలా చందాలను కాపాడుతుంది. రద్దు చేసుకునే దారి మాత్రం చేరే దారి అంత సులువుగా ఉండాలి. ఫోను చేస్తేగానీ రద్దు కాదని ఇబ్బంది పెడితే, వెళ్లిపోయినవాడు మళ్లీ తిరిగి రాడు.

వార్తలు కాని వాటిని తక్కువగా చూసే అలవాటు సంపాదకుల్లో ఉంది. గళ్లనుడికట్టు కోసం పత్రిక కొన్నవారు ఎప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. న్యూయార్క్ టైమ్స్ 2022 జనవరిలో వర్డిల్ అనే పదాల ఆటను కొన్నది సరదాకు కాదు. వార్తల మీద విసుగు పుట్టిన రోజున కూడా పాఠకుణ్ణి ఆ గుమ్మంలోకి రప్పించే పని ఆ ఆట చేస్తుంది. చిన్న పత్రిక ఆటల సంస్థలను కొనలేదు గానీ, ఇప్పటికే తన దగ్గరున్న పదకేళిని ఫోనులో చక్కగా ఆడుకునేలా చేయగలదు.

అద్దె గుమ్మాలు

పాఠకుణ్ణి ఎక్కడ కలుసుకోవాలన్న విషయంలో గత దశాబ్దంలో పత్రికలు చేసిన పొరపాట్లు ఖరీదైనవి. ఫేస్‌బుక్ వీడియోలకే భవిష్యత్తు ఉందన్న మాట నమ్మి కొన్ని సంస్థలు రాసేవారిని తీసేసి వీడియో బృందాలను పెట్టుకున్నాయి; వీడియోలను సగటున ఎంతసేపు చూస్తున్నారన్న లెక్కను రెండేళ్ల పాటు ఎక్కువ చేసి చూపామని 2016లో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. 2018 జనవరిలో స్నేహితుల, బంధువుల పోస్టులకు ప్రాధాన్యం ఇస్తామని ప్రకటించడంతో, ఆ మార్గాన వచ్చే పాఠకుల మీదే ఆధారపడిన సైట్లకు రాకపోకలు తగ్గిపోయాయి. కెనడాలో 2023 ఆగస్టులో, వార్తలకు డబ్బు చెల్లించాలన్న చట్టాన్ని నిరసిస్తూ, ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వార్తలనే ఆపేసింది.

కాబట్టి ఈ వేదికలను కొత్త పాఠకులు పరిచయమయ్యే సంతగా మాత్రమే వాడుకుని, పరిచయమైనవారిని మీ సొంత గుమ్మంలోకి తెచ్చుకోవాలి. అందుకు ఉన్న సాధనాల్లో అన్నిటికంటే పాతదీ, అన్నిటికంటే నమ్మకమైనదీ ఈమెయిల్ న్యూస్‌లెటర్. దాన్ని సైటులోని శీర్షికలను యంత్రం పేర్చిన జాబితాగా పంపితే ఎవరూ తెరవరు. ఒక మనిషి, తన పేరుతో, రోజూ ఒకే వేళకు, ఇవాళ ఏం జరిగిందో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు రాయాలి. అయిదు నిమిషాల్లో చదవగలిగేంత ఉండాలి. నగర పాలన మీద ఒకటి, చదువుల మీద ఒకటి అని విషయాల వారీగా మొదలుపెడితే, దేనికి ఎంతమంది చేరారన్నదే విలేకరులను ఎక్కడ పెట్టాలో కూడా చెబుతుంది. ఫోను నోటిఫికేషన్ల విషయంలో పొదుపు పాటించండి. తారల పెళ్లి కబురుకూ వరద హెచ్చరికకూ ఒకే మోత మోగిస్తే పాఠకుడు రెంటినీ ఆపేస్తాడు.

ఇప్పుడు ఇదే ప్రశ్న వెతుకులాట యంత్రాలతో (సెర్చ్ ఇంజిన్లతో) మళ్లీ వచ్చింది. గూగుల్ 2024 మే నుంచి కృత్రిమ మేధ రాసిన జవాబులను ఫలితాల పైనే చూపడం మొదలుపెట్టాక, పాఠకుడు సైటు దాకా రావలసిన అవసరం చాలా ప్రశ్నలకు లేకుండా పోయింది. ఈ సంస్థలతో ఎలా నడుచుకోవాలన్న దానిలో పత్రికలు ఏకాభిప్రాయంతో లేవు: అమెరికా వార్తా ఏజెన్సీ అసోసియేటెడ్ ప్రెస్ 2023 జులైలోనూ, జర్మనీకి చెందిన పత్రికా సంస్థ ఆక్సెల్ స్ప్రింగర్ అదే ఏడాది డిసెంబరులోనూ, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐతో ఒప్పందాలు చేసుకోగా, న్యూయార్క్ టైమ్స్ ఆ డిసెంబరులోనే దాని మీద కోర్టుకెక్కింది. ఒప్పందమో, దావానో చేసే స్తోమత లేని పత్రిక కనీసం తన సైటును ఏ యంత్రాలు చదవవచ్చో, ఏవి చదవకూడదో నిర్ణయించి, సైటును చదవవచ్చే యంత్రాలకు సూచనలుండే రోబోట్స్ ఫైలులో ఆ మాట రాసిపెట్టాలి. ఎన్నికల తేదీ ఎప్పుడు, ఫలానా పథకానికి అర్హత ఏమిటి వంటి ప్రశ్నలకు జవాబు చెప్పి పాఠకులను రప్పించే పేజీల మీద కొత్తగా ఖర్చు పెట్టవద్దు. ఆ పని ఇక యంత్రానిదే. డెస్కులో యంత్రాన్ని వాడుకోవడం తప్పు కాదు. కంపెనీల త్రైమాసిక ఫలితాల వార్తలను అసోసియేటెడ్ ప్రెస్ 2014 నుంచే యంత్రంతో రాయిస్తోంది. అంకెలు పేర్చే ఇలాంటి కాపీకి దాన్ని వాడి, మనిషి చూశాకే వదిలి, యంత్రం రాసిందని పాఠకుడికి చెప్పాలి.

పాఠకులనే పనిలో కలుపుకునే అవకాశం అచ్చులో లేదు. బ్రిటన్ పార్లమెంటు సభ్యుల ఖర్చుల వ్యవహారంలో 2009లో గార్డియన్ 4,58,832 పేజీల పత్రాలను సైటులో పెట్టి, అనుమానం కలిగించే పద్దులను గుర్తించమని పాఠకులనే కోరితే వేలమంది ముందుకొచ్చారు. మీ ఊరి బడ్జెట్ పత్రాలతో ఇదే పని చిన్న స్థాయిలో చేయడానికి పెద్ద సాంకేతిక బృందం అక్కర్లేదు.

కాగితం ఎప్పుడు తగ్గించాలి

అచ్చును ఎప్పుడు ఆపాలన్న ప్రశ్నకు తేదీ చెప్పడం కుదరదు, కానీ క్రమం చెప్పవచ్చు. మాంట్రియల్‌లోని లా ప్రెస్ 2013లో టాబ్లెట్ సంచికను తెచ్చి, పాఠకులు దానికి అలవాటు పడేదాకా ఆగి, 2015తో వారపు రోజుల అచ్చునూ, 2017తో శనివారపు అచ్చునూ ముగించింది. అమెరికాలోని ఆర్కాన్సా డెమొక్రాట్-గెజెట్ చందాదారుల చేతికి ఐప్యాడ్లు ఇచ్చి, వాడకం నేర్పించి, ఆదివారం సంచికను మాత్రం కాగితం మీద ఉంచింది. ఈ రెండింటిలోనూ పాఠకుడికి ముందు కొత్త అలవాటు చేశాకే పాత కాగితాన్ని తీసేశారు. ప్రకటనలు బాగా వచ్చే వారాంతపు సంచికను చివరిదాకా ఉంచి, ప్రకటనలు లేని రోజులను ముందు తగ్గించడం, ఆ సంగతి నెలల ముందే పాఠకులకు ఉత్తరం రాసి చెప్పడం, ఈ-పేపర్ తెరవడం రాని వృద్ధ పాఠకుడికి ఫోనులో నేర్పే ఒక ఉద్యోగిని పెట్టుకోవడం తప్పనిసరి. ఆ ఉద్యోగి జీతం, అతను నిలబెట్టే చందాలతో పోలిస్తే, పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక కొలతల సంగతి. డెస్కు గోడమీద పెద్ద తెరపై పేజీ వ్యూస్ (ఏ పేజీని ఎన్నిసార్లు తెరిచారన్న) లెక్క పరుగెత్తుతూ ఉంటే, తెలియకుండానే అందరి రాతా ఆ లెక్క వైపు వంగుతుంది. ఆ తెర తీసేసి, వారానికి ఒకసారి మూడు సంగతులను మాత్రం సమావేశంలో చదవండి: గత వారంలో మూడు రోజులకు పైగా వచ్చిన పాఠకులు ఎంతమంది, చందా కట్టినవారు దానికి ముందు చివరిగా చదివిన కథనాలు ఏవి, చందా మానుకున్నవారు ఎంతమంది. మానుకున్నవారిలో పదిమందికి ప్రతి సోమవారం ఎవరో ఒకరు ఫోను చేసి కారణం అడగాలి, ఆ ఫోను చేసే వంతు సర్క్యులేషన్ విభాగానికే వదిలేయకుండా సంపాదకుడితో సహా డెస్కులో అందరికీ రావాలి.